వెక్టర్ పటం చదవడం, 4వ పాఠం: తోక కోస్తే తలా తెగుతుంది

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. వైరస్ ఆర్ఎన్ఏలో యూ3 అనే ముక్క తోక దగ్గర, అంటే చివరి కొసన, ఒక్కచోటే ఉంటుంది కదా, అదే వైరస్ కణంలో చేరి డీఎన్ఏగా మారాక రెండు చివరలా ఎలా కనిపిస్తోంది? ఈ పాఠమంతా దాని గురించే. వెక్టర్ అంటే జన్యువును కణంలోకి మోసుకెళ్లేలా మార్చిన వైరస్. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఆ ముక్క మీద ఇంత పట్టు ఎందుకో ముందు చెప్తాను. 1999లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో, రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన మగపిల్లలకు జన్యు చికిత్స మొదలుపెట్టారు. ఎలుకల్లో లుకేమియా అనే రక్త క్యాన్సర్ తెచ్చే వైరస్‌నుంచి చేసిన వెక్టర్‌తో పిల్లల మజ్జ కణాల్లోకి మంచి జన్యువును పంపారు. చాలామంది కోలుకుని ఇళ్లకు వెళ్లారు. తర్వాత కొన్నేళ్లకు పారిస్‌లో 4 గురికి, లండన్‌లో ఇదే తరహా చికిత్స తీసుకున్న వాళ్లలో ఒకరికి లుకేమియా వచ్చింది. ఒక బిడ్డ దక్కలేదు. ఎక్కువ మందిలో వెక్టర్ వెళ్లి ఎల్ఎమ్ఓ2 అనే క్యాన్సర్ జన్యువు పక్కన కూర్చుంది. యూ3లో ఎన్‌హాన్సర్, అంటే జన్యువుల పనిని పెంచే డీఎన్ఏ భాగం, ఉంటుంది. పెళ్లింటి మైకు వీధి వీధంతా మోగినట్టు, అది తన జన్యువునే కాక పక్క జన్యువునూ మేల్కొల్పింది.

ఇప్పుడు గీయండి. ఆర్ఎన్ఏ వరుస ఇది: ఆర్, యూ5, మన జన్యువు, యూ3, ఆర్. ఆర్, యూ5 కూడా యూ3 లాగే చివరల్లో ఉండే ముక్కలు. దీన్ని డీఎన్ఏగా రాసే ఎంజైమ్ మధ్యలో చివరనుంచి చివరకు గెంతుతుంది. ఆ గెంతుల్లో తోకలోని యూ3 తలకూ నకలవుతుంది, తలలోని యూ5 తోకకూ నకలవుతుంది. అందుకే డీఎన్ఏలో రెండు చివరలా యూ3, ఆర్, యూ5 వస్తాయి. తలమీది యూ3 కూడా తోకనుంచి వచ్చిందే. పెన్సిలుతో ఒక బాణం గీసి చూడండి, ఇక మరచిపోరు.

ఈ నకలు తీరు ఆధారంగానే ఆ ప్రమాదానికి విరుగుడు కనిపెట్టారు. వెక్టర్ ఆర్ఎన్ఏ పుట్టేది ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏనుంచి; అందులోనూ రెండు చివరలా యూ3 ఉంటుంది. ఆ ప్లాస్మిడ్‌లో తోక యూ3లోని ఎన్‌హాన్సర్ ఉన్న భాగాన్ని కోసేస్తారు. తల చివర బాగానే ఉంటుంది కాబట్టి తయారీ కణంలో, అంటే వెక్టర్‌ను తయారుచేసే కణంలో, ఆర్ఎన్ఏ మామూలుగా పుడుతుంది. రోగి కణంలోకి వెళ్లాక కోసిన తోకే తలకూ నకలై రెండు చివరలూ మూగబోతాయి. హెచ్ఐవీ ఆధారిత వెక్టర్లలో 1998లో ఇలాగే 400 అక్షరాలు తీసేశారు.

చివరలు మూగబోతే జన్యువును నడిపేదెవరు? లోపల మరో ప్రొమోటర్, అంటే జన్యువును నడిపించే స్విచ్, పెట్టాలి. చాలామంది పటం చూసేటప్పుడు ఈ చోటనే తొందరపడతారు. 2014లో పైన చెప్పిన జబ్బుకే, 9 మంది పిల్లల్లో చివరలు కోసిన వెక్టర్ వాడి, లోపల మానవ కణపు సాదా ప్రొమోటర్ పెట్టారు. క్యాన్సర్ జన్యువుల దగ్గర చేరికలు తగ్గాయి. అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే మెదడును దెబ్బతీసే జన్యు వ్యాధి చికిత్సలోనూ చివరలు కోసిన వెక్టరే వాడారు. కానీ లోపల పెట్టిన ప్రొమోటర్ ఎలుక వైరస్ యూ3నుంచి వచ్చిన బలమైనది. 67 మంది పిల్లల్లో 7 గురికి రక్త క్యాన్సర్ వచ్చిందని 2024లో ప్రచురించారు. గుమ్మం ముందు మైకు తీసి నట్టింట్లో పెట్టినట్టయింది. అందుకే ఏ పటం చేతికొచ్చినా నేను చివరలకంటే ముందు మధ్యనే చూస్తాను.

అభ్యాసం: ప్లాస్మిడ్‌లో పొరపాటున తోకను వదిలేసి తల యూ3ని కోశారనుకోండి. తయారీ కణంలో ఏమవుతుంది? ఎలాగోలా ఆర్ఎన్ఏ పుట్టిందనుకుంటే, రోగి కణంలో చివరలు ఎలా ఉంటాయి? రెండు బొమ్మలూ గీసి ఉంచండి. 5వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.