పక్షవాతం రెండోసారి రాకుండా చూసుకోవడం

ఒకసారి పక్షవాతం వచ్చినవారికి అది మళ్లీ వచ్చే ప్రమాదం మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువ కాబట్టి, జాగ్రత్తలు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోజే మొదలుకావాలి. ముందుగా తెలుసుకోవలసింది, అది మెదడులోని రక్తనాళానికి రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిందా, నాళం చిట్లి వచ్చిందా అన్నది. కాలూ చేయీ పడిపోవడం, మూతి వంకరపోవడం రెండింటిలోనూ ఉంటాయి గాని మందులు వేరు. మొదటి రకానికి అవసరమైన ఆస్పిరిన్‌ను రెండో రకంవారు సొంతంగా వేసుకుంటే హాని జరగవచ్చు. డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి స్పష్టంగా లేకపోతే డాక్టరును అడిగి రాయించుకోవాలి.

గడ్డ వల్ల వచ్చినవారిలో చాలామందికి ఆస్పిరిన్ గాని, అలాగే గడ్డలు కట్టడాన్ని తగ్గించే క్లోపిడోగ్రెల్ గాని, దానితోపాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రా రాస్తారు. పక్షవాతం తేలికపాటిదైతే మొదటి 21 రోజులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండింటినీ కలిపి ఇచ్చి, ఆ తరువాత వాటిలో ఒకటి ఆపడం కద్దు. ఏది, ఎప్పుడు ఆపాలో ముందే అడిగి ఉంచుకోవాలి. రెండూ మానేసేవారూ ఉన్నారు, రెండూ ఏళ్ల తరబడి మింగేవారూ ఉన్నారు. పన్ను తీయించుకోవలసి వచ్చినా సరే, మందు రాసిన డాక్టరును అడగకుండా ఆపకూడదు.

అన్నిటికంటే ఎక్కువ పట్టు పట్టవలసింది బీపీ మీద. సాధారణంగా 130/80 కంటే తక్కువ ఉంచాలంటారు. బీపీ మామూలుకు వచ్చింది గదా అని మాత్ర మానేయడం మన ఇళ్లలో నిత్యం జరిగే పొరపాటు. అది మామూలుగా ఉన్నదే ఆ మాత్ర వల్ల. ఇంట్లో చూసుకునేటప్పుడు కాఫీ తాగిన అరగంటలోపు చూడకుండా, ఐదు నిమిషాలు మాటలు లేకుండా కూర్చొని, చేతిని గుండె ఎత్తున ఆనించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, తేదీతో పుస్తకంలో రాయాలి. డాక్టరుకు ఒక్కనాటి అంకె కంటే ఆ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది.

గుండె లయ తప్పి కొట్టుకోవడం వల్ల గడ్డలు ఏర్పడినవారికి మందు వేరుగా ఉంటుంది. వాటిలో ఒకటైన, రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ వాడేవారు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే రక్తపరీక్ష) అంకెను సాధారణంగా 2, 3 మధ్య ఉంచుకోవాలి. ఆకుకూరలు ఈ మందు పనిని మారుస్తాయి; తోటకూర, మునగాకు వంటివి మానక్కరలేదు గాని, ఒక వారం రోజూ తిని మరో వారం అసలు ముట్టకపోవడం పనికిరాదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు, దాటకూడదు. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలతో భర్తీ చేస్తే లాభం లేదు. చుట్ట, బీడీ, ఖైనీ, మద్యం మానాలి. షుగరు అదుపులో ఉండాలి. పసరు మందు నమ్మి మాత్రలు మానేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంత చేసినా మూతి వంకరపోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా, అది పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, 108కు ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కాబట్టి, మనిషి చివరిసారి బాగున్న సమయాన్ని గుర్తుంచుకోవాలి. నోట్లో నీళ్లు గాని మాత్ర గాని వేయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వాడుతున్నారా లేదా అన్నదాన్ని బట్టి కూడా ఆ ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు.