కొండ నేలలో కర్బనం లెక్క – 3వ పాఠం: రాయి, మంచు

కిందటి పాఠంలో 10 సెంటీమీటర్ల లోతు డబ్బాను నేలలోకి దిగ్గొట్టి మట్టి తీశాం. నేను సింహాచలం కొండ వారన ఒక అనాస తోటలో తీశాను, మీరు మీ పెరట్లో తీసి ఉంటారు. దాన్ని 105 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టారు కదా. ఇప్పుడు జల్లెడ పడదాం.

2 మిల్లీమీటర్ల కన్నులున్న జల్లెడ కావాలి. పైన మిగిలింది రాయి, కింద పడింది మట్టి. గడ్డలుంటే ముందే చిదపండి, లేకపోతే అవీ రాళ్ల ఖాతాలో పడతాయి. అలాగని మరీ నూరేయకండి. మన విశాఖ కొండల ఖోండలైట్ పుచ్చిపోయాక గట్టిగా నలిపితే పొడి అవుతుంది, అప్పుడు రాయి మట్టి అయిపోతుంది!

లెక్క చూద్దాం. డబ్బా 500 మిల్లీలీటర్లు. ఆరిన సరుకు 800 గ్రాములు, అందులో రాళ్లు 300. మట్టిలో కర్బనం 2 శాతం అనుకుందాం. మిగిలిన 500 గ్రాముల మట్టిని మొత్తం డబ్బా ఘనపరిమాణంతో భాగిస్తే 1.0. దాన్ని 10 సెంటీమీటర్ల లోతుతో, 0.02తో గుణిస్తే చదరపు సెంటీమీటరుకు 0.2 గ్రాములు, అంటే చదరపు మీటరుకు 2 కిలోలు.

మొదటిసారి నేను రాళ్లు ఏరకుండా 800 వేసేశాను. 3.2 కిలోలొచ్చింది. 1.2 కిలోలేగా అనుకోకండి, చదరపు కిలోమీటరుకు అది 1,200 టన్నుల తేడా. ఇంకొందరు ఇలా భాగించాక కూడా రాళ్ల శాతం మళ్లీ తీసేస్తారు. డబ్బాలో రాయి ఆక్రమించిన చోటు ఈ భాగహారంలోనే లెక్కకొచ్చేసింది, రెండోసారి తీయక్కర్లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మనం వెళ్లబోయేది టిబెట్ పీఠభూమిలాంటి ఎత్తు ప్రాంతాల పెర్మాఫ్రాస్ట్ దగ్గరికి. అక్కడి వాలుల్లో చాలాచోట్ల మట్టికన్నా రాయే ఎక్కువ. వరసగా రెండేళ్లయినా సున్నా డిగ్రీలు దాటని నేలే పెర్మాఫ్రాస్ట్. అందులో కర్బనం ఎందుకు నిలవ ఉంటుందో విశాఖవాళ్లకు వేరే చెప్పాలా? 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో దోసెల పిండి ఏమైందో గుర్తు చేసుకోండి. చలిలో మందకొడిగా ఉన్న సూక్ష్మజీవులు వెచ్చదనం తగలగానే పని మొదలుపెడతాయి. గాలి ఆడే వాలు నేలలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నీరు నిలిచిన పల్లంలో మీథేన్ కూడా.

గడ్డకట్టిన నేలలో ఇంకో చిక్కు మంచు. ఫ్రీజర్‌లో పెట్టిన సీసా పగలడం చూశారుగా, నీరు మంచైతే చోటు ఎక్కువ తీసుకుంటుంది. కరిగితే నమూనా కుంగిపోతుంది. పైగా కొన్నిచోట్ల నేలలో మంచు పొరలు పొరలుగా ఉంటుంది, అక్కడ కుంగుడు మరీ ఎక్కువ. నేలలో ఆ మట్టి ఎంత చోటులో ఉందో అదే మనకు కావాలి కాబట్టి, గడ్డకట్టి ఉండగానే కొలత తీసుకోవాలి. బరువు మాత్రం ఆరాకే.

ఇంటిపని: 20 సెంటీమీటర్ల పొడవున్న నమూనా గడ్డకట్టి ఉన్నప్పుడు 400 మిల్లీలీటర్లు, కరిగాక 300. ఆరిన బరువు 520 గ్రాములు, రాళ్లు 200, కర్బనం 3 శాతం. చదరపు మీటరుకు ఎన్ని కిలోలు? 6.4 వచ్చినవాళ్లు పై పేరా మళ్లీ చదవండి. ఆ శాతాన్ని కొలిమిలో కాల్చి ఎలా కనుక్కోవాలో 4వ పాఠంలో.