ప్లేయర్ పియానో తిత్తులకు కొత్త గుడ్డ వేయడం ఎలా?

పెడళ్లు ఎంత తొక్కినా ప్లేయర్ పియానో (చిల్లుల కాగితపు చుట్టను బట్టి తనంతట తానే మోగే పియానో) నీరసంగా పలుకుతుంటే ముందుగా తిత్తుల గుడ్డను అనుమానించాలి. ఈ పియానో నడిచేది ఊదే గాలితో కాదు, పీల్చే గాలితో. కాగితపు రోల్‌లోని చిల్లు, స్వరానికో రంధ్రం ఉన్న ట్రాకర్ బార్ అనే పట్టీ మీదికి రాగానే బయటి గాలి లోపలికి చొరబడి పల్చటి తోలు పౌచ్‌ను ఎత్తుతుంది. వాల్వ్ కదులుతుంది. ఆ స్వరానికి చెందిన చిన్న తిత్తి ఠక్కున ముడుచుకుని సుత్తిని నడుపుతుంది. 88 స్వరాల పియానోలో ఇలాంటివి 88. పాతబడిన గుడ్డ మీది రబ్బరు పూత ఎండి మడతల దగ్గర పగులుతుంది. దీపానికి ఎదురుగా పడితే సూదిమొనంత బెజ్జాలు కనిపిస్తాయి.

విప్పే ముందే ప్రతి తిత్తికీ పెన్సిల్‌తో నంబరు వేయండి. పూర్తిగా తెరిచినప్పుడు నోరు ఎంత వెడల్పో కొలిచి రాసుకోండి. తర్వాత పాత గుడ్డను ఒలిచి, చదునైన పలక మీద అంటించిన గరుకు కాగితంపై చెక్క అంచులను కొత్త కొయ్య కనిపించేదాకా రుద్దండి. పాత జిగురు మిగిలితే గాలి అక్కడే కారుతుంది.

జిగురు విషయంలో రాజీ వద్దు: వేడి చేసి వాడే హైడ్ గ్లూనే (జంతు చర్మంతో చేసిన జిగురు) వాడండి. సీసాల్లో దొరికే తెల్ల జిగురు గట్టిగానే పడుతుంది, కానీ మళ్లీ విప్పాల్సి వస్తే చెక్క చీలిపోతుంది. హైడ్ గ్లూ పలుకులను చల్లటి నీళ్లలో నానబెట్టి, నీళ్ల గిన్నెలో పెట్టి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. మరిగితే పట్టు పోతుంది.

ముందు రెండు చెక్కలు కలిసే మడత బందు దగ్గర గుడ్డ ముక్క అంటించి ఆరనివ్వాలి. చుట్టే గుడ్డ వెడల్పు నోటి కొలత, రెండు చెక్కల మందం, పైన కత్తిరించుకోవడానికి కొద్దిగా. జిగురు గుడ్డకు కాదు, చెక్క అంచుకు రాయండి. నిమిషంలోపే గడ్డకడుతుంది కాబట్టి ఒక్కో వైపే రాసి, వెంటనే బొటనవేలితో గట్టిగా రుద్దండి. మూలల్లో గుడ్డ ముడతపడితే అక్కడ లీకు ఖాయం. ఆరాక మిగులు కోసి, మడతలు లోపలికి పోయేలా వేళ్లతో నొక్కి మూయండి.

ఇప్పుడు పరీక్ష. మూసిన తిత్తి రంధ్రాన్ని వేలితో అదిమి తెరవబోండి, తెరుచుకోకూడదు. మెల్లగా వచ్చేస్తే మళ్లీ అంటించాల్సిందే.

పెడళ్లు తొక్కితే గాలిని పీల్చే కింది పెద్ద తిత్తులకు ఇంకా మందమైన గుడ్డ కావాలి. వాటిలో బలమైన స్ప్రింగులుంటాయి. గుడ్డ కోసే ముందు తిత్తిని తాడుతో బిగించకపోతే చేతికి దెబ్బ తగులుతుంది. గట్టిపడిన రబ్బరు గొట్టాలనూ ఇప్పుడే మార్చేయండి.

బిగించాక కూడా బలం చాలకపోతే, పైకి వెళ్లే ప్రధాన గొట్టాన్ని మూసి పెడల్ తొక్కండి. కొద్దిసేపట్లో పెడల్ బిగుసుకుపోతే కింది భాగం బాగున్నట్టే, లీకు పైభాగంలో వెతకాలి.