బేహై పార్కులో మార్చి ఫోటోలు: సమస్య - పరిష్కారం

బీజింగ్ నడిబొడ్డున ఉన్న బేహై ఒకప్పటి రాచ ఉద్యానం. 1925లో జనానికి తెరిచారు. అందులో సగానికి పైగా సరస్సే, దీవి మీద 1651లో కట్టిన తెల్ల స్తూపం. వసంతం మొదట్లో ఇక్కడ ఫోటోలు పాడైతే చాలామంది కెమెరాను తిడతారు. ముందు తాము నిలబడిన దిక్కు చూసుకోవాలి.

తెల్ల స్తూపం నల్లగా వచ్చింది
ఉత్తరపు ఒడ్డున ఐదు డ్రాగన్ల మంటపాల దగ్గర నుంచి, పట్టపగలు తీసి ఉంటారు. అక్కడికి స్తూపం దక్షిణాన ఉంటుంది, సూర్యుడూ అటే. మార్చి 20 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి వెలుగంతా లెన్స్‌లోకే కొడుతుంది. పగలైతే దక్షిణ ద్వారం వైపు నుంచి తీయండి. ఉత్తరపు ఒడ్డే కావాలంటే పడమటి ఎండ పడేదాకా ఆగండి. నన్నడిగితే ఉదయాన్నే తూర్పున ఉన్న జింగ్‌షాన్ గుట్ట ఎక్కడం మేలు: ఎండ మీ వీపు మీద, స్తూపం ఎదురుగా. అది వేరే పార్కు, టికెట్టూ వేరే.

స్తూపం బూడిద రంగులో వచ్చింది, లేదా వివరాలు లేని తెల్ల మచ్చ అయింది
రెండింటికీ కారణం ఒకటే. కెమెరా అన్నిటినీ మధ్యస్థ వెలుగుకు లాగుతుంది. ఫ్రేము నిండా తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ఒక మెట్టు పెంచండి, ముదురు రంగు చెట్లే ఎక్కువైతే కాస్త తగ్గించండి.

ఆకాశం పాలిపోయింది
కారణం బీజింగ్‌కు ఉత్తరాన ఉన్న ఎడారుల ధూళి, పొగమంచు. లేని నీలాన్ని ఎడిటింగ్‌తో పులిమితే వెంటనే తెలిసిపోతుంది. ఆకాశాన్ని తగ్గించి, ఆకులు రాకముందే పూసే పీచ్ కొమ్మలతో ఫ్రేము నింపండి. చల్లటి ఉత్తరపు గాలి ధూళిని ఊడ్చేస్తుంది గానీ నీటిలో ప్రతిబింబాన్నీ చెదరగొడుతుంది. రెండూ కావాలంటే గాలి తగ్గిన మర్నాటి ఉదయం వెళ్లండి.

విల్లో చెట్ల చిగుళ్లు కనబడలేదు
ఆ పల్చటి పసుపుపచ్చ తెల్ల ఆకాశంలో కలిసిపోతుంది. వెనక ఎర్ర గోడ గానీ, నీడలో ఉన్న దేవదారు చెట్లు గానీ ఉండేలా జరగండి.

తొమ్మిది డ్రాగన్ల గోడ మీద తెల్లటి మెరుపు
1756 నాటి ఈ గోడ పలకలకు గాజుపూత ఉంది. ఎదురుగా కాకుండా ఏటవాలుగా నిలబడి, పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పుతూ మెరుపు తగ్గినచోట ఆపండి. రెండు వైపులా డ్రాగన్లు ఉన్నాయి; ఉత్తరపు ముఖం నీడలోనే ఉంటుంది, మెరుపు బాధ తక్కువ. సరస్సు దగ్గరికి వచ్చాక పోలరైజర్ తీసేయండి, లేకపోతే ప్రతిబింబాన్నీ మింగేస్తుంది.