సైనాలజీ నాస్‌లో డిస్క్ పోతే మార్చడం ఎలా: లాగే ముందు, పెట్టిన తర్వాత

నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) బీప్ బీప్ అని మొత్తుకుంటూ, ముందున్న లైట్లలో ఒకటి నారింజ రంగులోకి మారిందంటే డిస్క్ ఒకటి మొరాయించినట్టే. ఇక్కడ చెప్పేది సైనాలజీ కంపెనీ రెండు, నాలుగు డిస్కుల పెట్టెలకు, వాటిని నడిపే డీఎస్‌ఎం 7 సాఫ్ట్‌వేర్‌కు సరిపోతుంది. క్యూనాప్ లాంటి వేరే కంపెనీల వాటిలో మెనూల పేర్లు మారతాయి గానీ పని వరస ఇదే. పాత డిస్క్ లాగి కొత్తది తోయడానికి రెండు నిమిషాలు చాలు. డేటా పోయేది ఆ రెండు నిమిషాల్లో కాదు, దానికి ముందు తొందరపడితేనో, తర్వాత ఓపిక పట్టకపోతేనో.

ముందు ఆ గోల ఆపండి: కంట్రోల్ ప్యానెల్, హార్డ్‌వేర్ అండ్ పవర్‌లో బీప్ ఆఫ్ ఉంటుంది. నాస్‌ను మాత్రం అవసరం లేకుండా ఆపి మళ్లీ ఆన్ చేయకండి. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన పాత డిస్క్ ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చు. ఈ పరిస్థితిలో మీకు మిగిలిన మంచి డిస్క్ కూడా అదే వయసుది.

ఏది పోయింది, నిజంగా పోయిందా

స్టోరేజ్ మేనేజర్ తెరిస్తే స్టోరేజ్ పూల్ (డిస్కులన్నీ కలిపి కట్టిన నిల్వ) పక్కన ఒక మాట కనిపిస్తుంది. డీగ్రేడెడ్ అని ఉంటే ఒక డిస్క్ పోయింది, డేటా ఇంకా ఉంది. ఈ వ్యాసం ఆ పరిస్థితి కోసమే. క్రాష్డ్ అని ఉంటే డిస్క్ మార్చినంత మాత్రాన ఏదీ తిరిగి రాదు. అప్పుడు రిపేర్, రిమూవ్ లాంటివేవీ నొక్కకుండా ఆగి, బ్యాకప్ ఎక్కడుందో చూసుకోండి. రెయిడ్ రకమూ, అంటే డేటాను డిస్కుల మీద ఎలా పంచిపెట్టారో, అక్కడే రాసి ఉంటుంది. రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా), రెయిడ్ 5, రెండు లేదా అంతకన్నా ఎక్కువ డిస్కులతో కట్టిన ఎస్‌హెచ్‌ఆర్ (సైనాలజీ సొంత రెయిడ్) అయితే ఒక డిస్క్ పోయినా తట్టుకుంటాయి. రెయిడ్ 0, జేబీవోడీ, బేసిక్, ఒకే డిస్క్‌తో కట్టిన ఎస్‌హెచ్‌ఆర్ తట్టుకోలేవు.

తర్వాత హెచ్‌డీడీ/ఎస్‌ఎస్‌డీ విభాగంలో ఆ డిస్క్ స్మార్ట్ వివరాలు (తన ఆరోగ్యం గురించి డిస్క్ తానే రాసుకునే లెక్కలు) చూడండి. 5, 197, 198 నంబర్ల వరసల్లో ముడి విలువలు పెరుగుతుంటే డిస్క్ ఉపరితలమే చెడిపోతోందని అర్థం, మార్చాల్సిందే. 199, అంటే యూడీఎంఏ సీఆర్‌సీ లోపాలు (డిస్క్‌కూ నాస్‌కూ మధ్య డేటా వెళ్లే దారిలో వచ్చేవి) మాత్రమే పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్క్‌ది కాదు. ట్రే సరిగ్గా కూర్చోకపోయినా, కనెక్టర్‌లో దుమ్ము చేరినా ఆ లెక్క పెరుగుతుంది. నాస్ ఆపి, డిస్క్ తీసి, శుభ్రం చేసి గట్టిగా కూర్చోబెట్టి చూడండి. ఆ అంకె మళ్లీ తగ్గదు కాబట్టి ఎంత ఉందో రాసిపెట్టుకోండి. వారం తర్వాత కూడా అంతే ఉంటే కొత్త డిస్క్ ఖర్చు తప్పినట్టే.

బ్యాకప్, కొత్త డిస్క్ కంటే ముందు

కొత్త డిస్క్ వచ్చేలోపు యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి సైనాలజీ హైపర్ బ్యాకప్ యాప్‌తో కాపీ తీయండి. స్థలం చాలకపోతే ఇంకెక్కడా లేనివాటితో మొదలుపెట్టండి: ఫొటోలు, పెళ్లి వీడియోలు, స్కాన్ చేసిన పొలం కాగితాలు. సినిమాలు చివర్లో చూసుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్, అప్‌డేట్ అండ్ రిస్టోర్‌లో కాన్ఫిగరేషన్ బ్యాకప్ కూడా తీసి కంప్యూటర్లో దాచండి. యూజర్లు, షేర్ల సెట్టింగులు అందులో వస్తాయి, ఫైళ్లు రావు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కొత్త డిస్క్‌ను నింపడానికి మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. నాలుగు 4 టీబీ డిస్కుల రెయిడ్ 5 అయితే మూడింటి నుంచి కలిపి 12 టీబీ. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ, 10¹⁴ బిట్లకు ఒక చదవలేని సెక్టార్ (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడి) మించదని. అది దాదాపు 12.5 టీబీ. నిజంలో డిస్కులు ఇంతకన్నా చాలా మెరుగ్గానే నడుస్తాయి, కానీ ఏళ్లుగా ఎవరూ తాకని మూలల్లో ఉన్న చెడ్డ సెక్టార్లు బయటపడేది సరిగ్గా ఇలాంటి రోజే.

ఏ డిస్క్ కొనాలి

కొత్తది కనీసం పాతదానంత ఉండాలి. ఎక్కువుంటే ఫర్వాలేదు, తక్కువుంటే రిపేర్ జాబితాలో కనిపించదు. 4 టీబీ డిస్క్‌ను డీఎస్‌ఎం 3.6 టీబీ అని చూపిస్తుంది, కంగారు పడొద్దు. రెండు డిస్కుల పెట్టెలో ఒకదాన్ని 8 టీబీకి మారిస్తే స్థలం పెరగదు. రెండోదీ మారిస్తేనే పెరుగుతుంది.

అసలు చూడాల్సింది డిస్క్ సీఎంఆరా (డేటా రాసే ట్రాకులు విడివిడిగా ఉండేది), ఎస్‌ఎంఆరా అని. ఎస్‌ఎంఆర్ డిస్క్‌లో ట్రాకులు ఒకదాని మీదొకటి కొంత ఎక్కి ఉంటాయి కాబట్టి, గంటల తరబడి ఆగకుండా రాయమంటే మొదట బాగానే సాగి తర్వాత నత్తనడక పడుతుంది. రిపేర్ రోజుల తరబడి సాగుతుంది, లేదా నాస్ విసిగి డిస్క్‌ను బయటికి నెట్టేస్తుంది. మామూలు డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడింది. ఇప్పుడు రెడ్ ప్లస్ పేరుతో వచ్చేవి సీఎంఆర్. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, తోషిబా ఎన్300 కూడా సీఎంఆరే. బారకుడాల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్. చవగ్గా ఉన్నాయని నాస్‌లో పెట్టొద్దు. నాస్ డిస్క్‌కు ఇంకో గుణం కూడా ఉంది: చదవలేని సెక్టార్ తగిలితే సుమారు 7 సెకన్లలో వదిలేసి రెయిడ్‌కు అప్పగిస్తుంది. డెస్క్‌టాప్ డిస్క్ అంతకంటే చాలాసేపు మొండిగా ప్రయత్నిస్తూ ఉండిపోతుంది, నాస్ అది చచ్చిందనుకుంటుంది.

మన షాపుల్లో సీసీ కెమెరాల డిస్కులు, అంటే డబ్ల్యూడీ పర్పుల్, స్కైహాక్, ఎప్పుడూ ఉంటాయి. నాస్ డిస్క్ అడిగితే అవే అంటగడతారు. పెడితే నడుస్తాయి గానీ అవి ఆగకుండా వీడియో రాయడానికి చేసినవి, వాటికి డబ్బు పెట్టడం దేనికి? సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, సీల్ విప్పకముందే సీరియల్ నంబర్‌ను తయారీదారు వారంటీ పేజీలో కొట్టి చూడండి. బయటి దేశం సరుకైతే ఇక్కడ వారంటీ లేదని అక్కడే తేలిపోతుంది.

డీఎస్925+ లాంటి 2025 ప్లస్ మోడళ్లు మొదట్లో సైనాలజీ ఆమోదించిన డిస్కులనే ఒప్పుకునేవి. 2025 అక్టోబర్‌లో వచ్చిన డీఎస్‌ఎం 7.3 ఆ పట్టు సడలించింది. పాత వెర్షన్ ఉంటే ముందు దాన్ని అప్‌డేట్ చేయాలి, కానీ బ్యాకప్ అయ్యాకే.

తీయడం, పెట్టడం

నాలుగు డిస్కుల పెట్టెలో ఒక గది ఖాళీగా ఉండి, పాత డిస్క్ ఇంకా కొన ఊపిరితో నడుస్తుంటే దాన్ని లాగకండి. కొత్తదాన్ని ఖాళీ గదిలో పెట్టి, స్టోరేజ్ పూల్ పక్కన మూడు చుక్కలు నొక్కి రీప్లేస్ డ్రైవ్ ఎంచుకోండి. పాతది పూల్‌లో ఉండగానే కాపీ జరిగిపోతుంది, రక్షణ ఒక్క క్షణం కూడా తగ్గదు. ఇంతకంటే మంచి దారి లేదు.

ఖాళీ గది లేకపోతే స్టోరేజ్ మేనేజర్‌లో పోయిన డిస్క్ నంబర్, సీరియల్ నంబర్ రాసుకోండి. నిలబెట్టి ఉన్న పెట్టెలో నంబర్లు ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4. డిస్క్ ఇంకా తిరుగుతుంటే హెచ్‌డీడీ/ఎస్‌ఎస్‌డీలో యాక్షన్ మెనూ నుంచి డీయాక్టివేట్ చేసి, లైటు మారాక ట్రేను ఒక అంగుళం మాత్రమే లాగి అర నిమిషం ఆగండి. లోపలి పళ్లేలు పూర్తిగా ఆగాలి. ఆ తర్వాత బయటికి తీసి లేబుల్ మీది సీరియల్ నంబర్ సరిచూడండి.

ప్లస్ మోడళ్లలో 3.5 అంగుళాల డిస్క్‌కు స్క్రూలు అక్కర్లేదు. ట్రే పక్కల ప్లాస్టిక్ పట్టీలు ఊడదీసి, డిస్క్‌ను కనెక్టర్ వెనక్కి ఉండేలా పెట్టి, పట్టీలను టక్కుమనేదాకా నొక్కండి. ట్రే చివర్లో బిగువుగా అనిపిస్తే బలం పెట్టకుండా బయటికి లాగి, పట్టీ పైకి తేలిందేమో చూడండి. డీఎస్220జె, డీఎస్223జె లాంటి జె మోడళ్లలో నడుస్తుండగా డిస్క్ మార్చకూడదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, మూత జరిపి స్క్రూలు విప్పాలి. 3.5 డిస్క్ స్క్రూలకు మర లావు, 2.5 డిస్క్ స్క్రూలకు సన్నం. కలిపేసి బిగిస్తే డిస్క్ మర పాడైపోతుంది.

రిపేర్, ఆ తర్వాతి నిరీక్షణ

స్టోరేజ్ పూల్ మూడు చుక్కల్లో రిపేర్ నొక్కి, కొత్త డిస్క్ ఎంచుకుని, అందులోని డేటా చెరిగిపోతుందన్న హెచ్చరిక ఒప్పుకోండి. సగటున సెకనుకు 150 ఎంబీ లెక్కన 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది. మధ్యలో నాస్ వాడుతుంటే రాత్రంతా. గ్లోబల్ సెట్టింగ్స్‌లో రీసింక్ (కొత్త డిస్క్‌ను నింపే పని) వేగం పెంచే వీలుంది. ఆ పూటకి ఫొటో ఇండెక్సింగ్, డౌన్‌లోడ్లు, కెమెరా రికార్డింగ్ ఆపేయండి.

కరెంటు సంగతి ముఖ్యం. ఇంటి ఇన్వర్టర్ మీద ఉందని నిశ్చింతగా ఉండొద్దు: ఇన్వర్టర్ వెనక మీట మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారేలోపే నాస్ ఆరిపోవచ్చు. మీటను యూపీఎస్ మోడ్‌కు తిప్పండి, లేదా యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ కొని హార్డ్‌వేర్ అండ్ పవర్‌లో దాన్ని ఆన్ చేయండి. అప్పుడు బ్యాటరీ అయిపోయేలోపు నాస్ తనంతట తాను సురక్షితంగా ఆగుతుంది. మే నెలలో అయితే పెట్టెను మూసిన అల్మరా నుంచి బయట పెట్టి ఫ్యాన్‌ను ఫుల్ స్పీడ్‌లో ఉంచండి. డిస్క్ వేడి 50 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మంచిది.

రిపేర్ బటన్ మసగ్గా ఉంటే కొత్త డిస్క్ చిన్నదో, అసలు గుర్తింపులోకి రాలేదో, పూల్ క్రాష్ అయ్యిందో. గుర్తింపులోకి రాకపోతే తీసి మళ్లీ పెట్టండి, అప్పటికీ రాకపోతే యూఎస్‌బీ డాక్‌తో కంప్యూటర్‌కు తగిలించి చూడండి. కొత్త డిస్కులు కూడా పెట్టెలోంచే చెడిపోయి వస్తాయి. మధ్యలో రెండో పాత డిస్క్‌లో చదవలేని సెక్టార్లు వచ్చి రిపేర్ ఆగిపోతే పదేపదే రిపేర్ నొక్కుతూ దాన్ని నలపొద్దు. ఉన్నంతలో కాపీ తీసుకుని, బ్యాకప్‌తో పూల్ కొత్తగా కట్టడమే మేలు. పొరపాటున మంచి డిస్క్ లాగేస్తే ఏ బటన్ నొక్కకుండా నాస్‌ను ఆపి, దాన్ని తన గదిలోనే పెట్టి ఆన్ చేసి చూడండి.

పూల్ హెల్తీ అని వచ్చాక డేటా స్క్రబ్బింగ్ (డేటా అంతా చదివి లోపాలు వెతికి సరిచేసే పని) ఒకసారి నడిపించి, మూడు నెలలకోసారి దానంతట అదే జరిగేలా షెడ్యూల్ పెట్టండి. నెలకోసారి స్మార్ట్ పరీక్ష, లోపం వస్తే మెయిల్ కూడా.

పాత డిస్క్‌ను వారంటీకి పంపేముందు, అది ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే అందులో మీ ఫైళ్లు ఉన్నట్టే. రెయిడ్ 1 అయితే మొత్తం ఉన్నట్టు. ఇంకో కంప్యూటర్‌లోనో, అందుకు వీలున్న నాస్‌లోనో సెక్యూర్ ఎరేజ్ చేసి, యాంటీస్టాటిక్ కవర్‌లో, అన్ని పక్కలా రెండు అంగుళాల మెత్తటి ప్యాకింగ్‌తో పంపండి. వారంటీ అయిపోయి, చెరపడానికీ లొంగకపోతే పళ్లేల దాకా రెండు మూడు చోట్ల డ్రిల్ చేయండి. 2.5 అంగుళాల వాటిలో కొన్నింటి పళ్లేలు గాజువి, చిట్లి ఎగురుతాయి; కళ్లద్దాలు పెట్టుకోవాలి.