రికార్డింగ్ బాగా రావట్లేదా? మైకును తిట్టేముందు ఇవి చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వెనక గదిలో నేను ఆటో మైకు ప్రకటనలు రికార్డు చేసి ఇస్తుంటాను. బట్టల కొట్టు ఓపెనింగు, గుడి ఉత్సవం, కంటి వైద్య శిబిరం, ఏదైనా సరే, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చదవాలి, ఎందుకంటే ఆటో ఇక్కణ్ణుంచి ఆంధ్రలోని పాతపట్నం దాకా వెళ్లి వస్తుంది, మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. మొదట్లో నా రికార్డింగు విని ఒక కొట్టాయన "నూతిలోంచి మాట్లాడినట్టుంది బాబూ" అన్నాడు. ఆ మాట పట్టుకుని మైకు మార్చాను. మళ్లీ మార్చాను. నుయ్యి అలాగే ఉంది.

చివరికి నా పనిని మార్చినవి నాలుగే: రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి (మైకును కంప్యూటరుకు కలిపే డబ్బా), ఒక డైనమిక్ మైకు (విడిగా కరెంటు అక్కర్లేని మైకు), ఒక మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు (మూడు పిన్నుల మైకు వైరు), మా అమ్మమ్మ కుట్టిన బొంతలు. వీటిలో ఏది ఏ రోగానికి మందో తెలియక చాలా డబ్బు పోయింది కాబట్టి, వినిపించే లక్షణం నుంచి మొదలుపెట్టి రాస్తున్నాను. ఒక్కటే షరతు, ఒకసారికి ఒకటే మార్చండి. మైకూ కేబులూ కలిపి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు.

నూతిలోంచి వచ్చినట్టుంది

ఇది గది రోగం, మైకు రోగం కాదు. మీ గొంతు నేరుగా మైకులో పడుతుంది, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత అదే గొంతు గోడకు, బీరువాకు, నాపరాళ్ల నేలకు తగిలి మళ్లీ పడుతుంది. రెండూ కలిసిపోయాక విడదీసే సాఫ్ట్‌వేర్ పూర్తిగా నమ్మదగ్గదేదీ నాకు దొరకలేదు.

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. "ట్రింగ్" అని తోక వినిపిస్తే అదే. నేను మొదట చేసిన పని అందరూ చేసేదే, ఆన్‌లైన్‌లో పల్చటి ఫోమ్ ముక్కలు కొని గోడకు అంటించాను, ఫొటోలో స్టూడియోలా కనిపించింది, శబ్దంలో మాత్రం "స", "శ"ల మెరుపు తగ్గింది గానీ కింది బూమింగు అంతే ఉంది. పల్చటి ఫోమ్ పై ఫ్రీక్వెన్సీలనే మింగుతుంది, కింది వాటికి మందం కావాలి. పైగా మా గది పది అడుగులకు పది అడుగులు. గోడల మధ్య 3 మీటర్ల దూరం ఉంటే సుమారు 57 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 114 దగ్గర గది తనే గొణుగుతుంది, మగ గొంతు సరిగ్గా ఆ రెండోదాని చుట్టుపక్కలే ఉంటుంది. చదరపు గదిలో రెండు వైపులా ఒకే కొలత కాబట్టి ఆ గొణుగుడు రెండింతలు.

చేయాల్సింది: గది మధ్యలో కూర్చోవద్దు, మూలలో అసలే వద్దు. మీ వెనక గోడకు బరువైన బొంతలు, వీలైతే గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలి, రెండు పొరలుగా వేలాడదీయండి. వెనకే ఎందుకంటే మైకు చూసేది మీ వైపు, అంటే మీ వెనక గోడనే. కింద చాప కాదు, పరుపు. తర్వాత మైకుకు దగ్గరగా జరగండి. దూరం సగమైతే నేరుగా పడే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది శబ్దం మాత్రం పెరగదు. అడుగున్నర దూరం నుంచి అరచెయ్యంత దూరానికి వచ్చేసరికి సగం నుయ్యి పూడిపోయింది. ఇలా జరిగితే గొంతులో బేస్ కాస్త పెరుగుతుంది, అది కార్డియాయిడ్, అంటే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే మైకుల గుణం, రేడియో వాళ్లు దాన్నే వాడుకుంటారు.

కండెన్సర్ (కరెంటు అందితేనే పలికే, సన్న శబ్దాలనూ పట్టే మైకు) తీసి డైనమిక్ పెట్టడం ఇక్కడే పనికొచ్చింది. కండెన్సర్ మంచిదే, కానీ అది బజారు కుక్క మొరిగినా వింటుంది. బాగుచేయని గదిలో షూర్ ఎస్‌ఎమ్58 లాంటి మైకు, 1966 నుంచి స్టేజీల మీద దెబ్బలు తింటున్నది, చాలామందికి సరిపోతుంది.

గొంతు దూరంగా, సన్నగా ఉంది, వెనకాల సుయ్‌మని హోరు

మూడు కారణాలు, మూడూ నేను చేసినవే.

ఒకటి: కండెన్సర్ మైకును ల్యాప్‌టాప్ సన్న పిన్నులో గుచ్చడం. చవక కిట్లతో ఒక వైరు ఇస్తారు, ఒకవైపు ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకోవైపు సన్న పిన్ను. స్టూడియో కండెన్సర్లకు సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే వెళ్లే కరెంటు) కావాలి, ఆ పిన్ను నుంచి వచ్చేది కొన్ని వోల్టులే. మైకు అన్నం లేని మనిషిలా నీరసంగా పలుకుతుంది, మీరు వాల్యూమ్ పెంచుతారు, దాంతో ల్యాప్‌టాప్ లోపలి చప్పుడంతా పైకి వస్తుంది. మందు ఇంటర్‌ఫేస్ ఒక్కటే. దాని మీద 48వీ అని బొత్తాం ఉంటుంది. నొక్కేముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించండి, లేదంటే చెవిలో టపాకాయ పేలుతుంది.

రెండు: మైకుకు తప్పు వైపున మాట్లాడటం. నవ్వకండి. పెద్ద కండెన్సర్లు చాలావరకు పక్క నుంచి వింటాయి, పై కొసకు పాడితే దూరంగానే వస్తుంది. సాధారణంగా కంపెనీ ముద్ర ఉన్న వైపే ముందు. నేను నెలరోజులు దాని వీపుకు ప్రకటనలు చదివాను.

మూడు: డైనమిక్ మైకుకు గెయిన్ (మైకు పంపే సన్నటి శబ్దాన్ని పెంచే మోతాదు) చాలకపోవడం. ఎస్‌ఎమ్7బి అనే డైనమిక్ మైకు చూసి ముచ్చటపడి కొనేవాళ్లకు ఇది తెలియాలి, దానికి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి, పాత చిన్న ఇంటర్‌ఫేస్‌లు అంత శుభ్రంగా ఇవ్వలేవు, నాబ్ చివరికి తిప్పితే హోరే వస్తుంది. మధ్యలో క్లౌడ్‌లిఫ్టర్ లాంటి డబ్బా పెడితే 25 డెసిబెల్స్ కలుస్తాయి, లేదా ఇంకాస్త గెయిన్ ఉన్న కొత్త ఇంటర్‌ఫేస్ కొనాలి. ఎంత నిశ్శబ్దం చాలు అంటారా, మీరు ఊరుకున్నప్పుడు మీటరు మైనస్ 60 డీబీ కిందే ఉంటే చాలు, ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ అడిగేదీ అదే.

"హుం..." అని ఆగకుండా మోత

మొదట చెవి పెట్టి వినండి, లావుగా "హుం" అంటోందా, సన్నగా "జీ" అంటోందా.

లావు "హుం" అంటే మన కరెంటు 50 హెర్ట్జ్, దాని పిల్ల 100. ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. మోత పోయిందా, దోషం ఎర్తింగులో ఉంది. మా వైపు పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గానీ మూడోదాని వెనక వైరు ఉండదు, అలంకారానికి పెట్టినట్టు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించండి, ల్యాప్‌టాప్, స్పీకర్లు, ఇంకేమున్నా ఒకే స్విచ్‌బోర్డు నుంచి తీసుకోండి. మోత పోతుందని చార్జరు ఎర్తు పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. మోత పోవచ్చు, షాకు కొడితే మీరూ పోవచ్చు.

బ్యాటరీ మీద కూడా మోత ఉంటే కేబులు చూడండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో మూడు పిన్నులు ఉండేది ఊరికే కాదు, రెండు వైర్లలో ఒకే శబ్దం తలకిందులుగా వెళ్లి, దారిలో అంటిన మోత చివర్లో కొట్టుకుపోతుంది. లోపల ఒక్క వైరు ఊడినా ఆ విద్య పోతుంది, మైకు మాత్రం పనిచేస్తున్నట్టే ఉంటుంది. అందుకే కేబులు మార్చి చూడటం ముందు, మైకు మార్చడం తర్వాత.

సన్న "జీ" అయితే ఫ్యాన్ రెగ్యులేటరు, చవక ఎల్‌ఈడీ బల్బు, లేదా ఇన్వర్టరు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద రికార్డు చేస్తే ఈ రాగం ఖాయం. అసలు కరెంటు పోయినప్పుడే నేను మంచి టేకులు తీసుకుంటాను, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది, ఇన్వర్టరు కట్టేస్తే ఫ్యాను ఉండదు, ఫ్రిజ్ ఉండదు, పక్కింటి టీవీ ఉండదు. చెమట ఒక్కటే సమస్య.

మధ్యమధ్యలో "డిట్-డిట్-డిట్" అంటే అది మీ జేబులో ఫోను. పక్క గదిలో పెట్టి రండి.

గట్టిగా పాడితే పగిలిపోతోంది

గెయిన్ ఎక్కువైంది. ఇంటర్‌ఫేస్ మీద ఎర్ర లైటు వెలిగిందంటే ఆ ముక్క పోయినట్టే, తర్వాత వాల్యూమ్ తగ్గించినా పగులు తగ్గదు. గట్టి చోటు పాడించి, మీటరు మైనస్ 12 దగ్గర ఆగేట్టు పెట్టండి. 24 బిట్‌లో రికార్డు చేస్తే అంత తగ్గించి తీసుకున్నా హోరు పెరగదు, తర్వాత పెంచుకోవచ్చు. క్యాసెట్ల కాలంలో సూది ఎర్రగీత దాకా తీసుకెళ్లాలని మా పెద్దలు నేర్పింది ఇక్కడ పనికిరాదు.

నాకు దీని పాఠం చెప్పింది జముకు అనే తీగ వాద్యం. పాతపట్నం అవతల పల్లె నుంచి జముకుల కథ చెప్పేవాళ్లు వచ్చారు. మాటకు పెట్టిన గెయిన్‌లో జముకు తీగ ఒక్కసారి లాగగానే మీటరంతా ఎరుపు. కథకుడికి ఒక మైకు, జముకుకు ఒకటి పెట్టాను, అప్పుడింకో రోగం, రెండూ కలిపితే గొంతు బోలుగా, ముక్కుతో పాడినట్టు. ఒకే శబ్దం రెండు మైకుల్లో కొంచెం తేడాతో పడి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం అది. గొంతు తన మైకుకు జానెడు దూరంలో ఉంటే, రెండో మైకు మొదటిదానికి కనీసం మూడు జానల అవతల ఉండాలి. రెండు మైకుల వీపులూ ఎదుటివాడి వైపు తిప్పితే ఇంకా మంచిది. ఈ రెండో ఇన్‌పుట్ లేకపోతే ఆ రోజు వాళ్లను తిప్పి పంపేవాణ్ణి.

నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది

బఫర్ (కంప్యూటరు ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 1024 శాంపిల్స్ మీద ఉంటే, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు, రానూపోనూ రెండింతలు. 128కి తగ్గిస్తే ఒక వైపు మూడు లోపే. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో (ASIO) డ్రైవరు, అంటే ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్, వేసుకోండి. ఇంకా సులువు, డైరెక్ట్ మానిటర్ బొత్తాం నొక్కండి, గొంతు కంప్యూటరు దాకా వెళ్లకుండానే చెవికొస్తుంది.

చిటపట, చిటపట

రెండు రకాలు. రికార్డయిన ఫైల్‌లో ఉండీ ఉండీ టిక్కుమంటూ, కంప్యూటరు మీద బరువు పెరిగితే పెరుగుతుంటే బఫర్ మరీ చిన్నది, లేదా ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ హబ్బుకు తగిలించారు. పాడేటప్పుడు 256, మిక్సింగులో 1024 పెట్టుకోండి, హబ్బు తీసి నేరుగా గుచ్చండి.

వానాకాలంలో, కండెన్సర్‌లో మాత్రమే, వేపుడు వేగినట్టు వస్తుంటే అది తేమ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లానూ శ్రీకాకుళాన్నీ ఊడ్చేశాక, కరెంటు లేని ఆ రోజుల్లో నా మైకు స్టాండు మీదే ఉండిపోయింది, తర్వాత తీస్తే ఇదే శబ్దం. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యరు వద్దే వద్దు, లోపలి పొర చాలా పల్చటిది. మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ సంచులతో రెండు మూడు రోజులు వదిలేయండి. నాది కోలుకుంది. అప్పటినుంచి పని అయిపోగానే మైకు డబ్బాలోకి, బియ్యం డబ్బా కంటే భద్రంగా.

"భ" అన్నప్పుడల్లా ఢాం

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక భాషలో రాయండి బాబూ అని ఆయన అంత పోరాడినా, ప్రకటన కాగితం మీద ఇప్పటికీ "యావన్మంది భక్త మహాశయులకు విజ్ఞప్తి" అనే రాసుకొస్తారు. "భ", "ఫ", "ప" గాలిని నేరుగా మైకు మీదికి ఊదుతాయి. పాప్ ఫిల్టరు (మైకు ముందు గాలిని ఆపే పల్చటి తెర) పెట్టండి, మైకును నోటి ఎదురుగా కాక కాస్త పక్కకు జరిపి నోటి వైపు తిప్పండి. అంతే.

ఒక్క చెవిలోనే వస్తోంది. లేదా గొంతు చిన్నపిల్లాడిలా ఉంది

మొదటిది, స్టీరియో ట్రాక్‌లో ఒక్క ఇన్‌పుట్ రికార్డు చేశారు, మోనో ట్రాక్ తీసుకోండి. రెండోది, 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసింది 48గా ఆడుతోంది. నిమిషం ప్రకటన 55 సెకన్లలో అయిపోతుంటే ఇంకేమీ వెతకకండి, ప్రాజెక్టులోనూ ఇంటర్‌ఫేస్‌లోనూ ఒకే అంకె పెట్టండి.

హెడ్‌ఫోన్‌లో అద్భుతం, ఆటోలో ఒక్క ముక్క అర్థం కావట్లేదు

సామాను మంచిది వచ్చాక మొదలయ్యే రోగం ఇది. కొత్త మైకులో నా గొంతు ఎంత గంభీరంగా వచ్చిందో అని మురిసిపోయి, దాన్ని అలాగే పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఆటో మీద ఉండే బాకా స్పీకరుకు కింది బేస్ చేతకాదు, దానికి మధ్య శబ్దాలే వచ్చు. నా గంభీరమంతా యాంప్లిఫయర్ శక్తిని తినేసి, మాటను మసకబార్చింది.

ఆటోకిచ్చే ఫైలుకు 150 హెర్ట్జ్ కింద కోసేయండి. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచండి, మాట స్పష్టత అక్కడే ఉంటుంది. కంప్రెసర్ (గట్టి మాటకూ మెల్లని మాటకూ తేడా తగ్గించేది) కాస్త గట్టిగానే వేయండి, లేకపోతే వాక్యం చివర ధర చెప్పేటప్పుడు గొంతు దిగిపోయి, కొట్టువాడికి కావాల్సిన ఒకే ఒక్క మాట ఇంజను చప్పుడులో కలిసిపోతుంది. వెనక సంగీతం మాట మొదలవగానే బాగా తగ్గాలి. ఫైలు మోనోలో ఇవ్వండి, స్టీరియో మాయలు చేసిన సంగీతం ఒకే బాకాలో కలిస్తే సగం మాయమవుతుంది. ముందు మీ ఫోను స్పీకరులో పెట్టి, ఫోను పక్క గదిలో ఉంచి వినండి. ఆ తర్వాత కూడా అనుమానముంటే నేను చేసేదే చేయండి, ఆటో బయల్దేరే చోటుకు వెళ్లి, అతను ఇంజను స్టార్ట్ చేశాక, రోడ్డుకు అవతలి వైపు నిలబడి ధర వినిపిస్తోందో లేదో చూడండి.