ఎర్రనీళ్లు తాగే నీళ్లవ్వాలంటే: ఇంటికో ఇసుక డ్రమ్ము

ఇసుక నింపి తాగే నీళ్లు వడకట్టుకునే డ్రమ్ము కొనే ముందు మీ ఊరి నీళ్లకున్న జబ్బేమిటో తేల్చుకోండి. గోదావరి డెల్టాలో అది రెండు రకాలు. కాలువ నీళ్లు, కాలువతో నింపుకునే మంచినీళ్ల చెరువు వాడే ఊళ్లలో జబ్బు మట్టీ, క్రిములూ. సముద్రం పక్కన అంతర్వేది, కాట్రేనికోన, మొగల్తూరు వైపు జబ్బు ఉప్పు. ఇసుక మట్టిని ఆపుతుంది, క్రిముల్లో చాలా వాటిని ఆపుతుంది, ఉప్పుని మాత్రం చిటికెడు కూడా ఆపదు. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూడండి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకి 500 మి.గ్రా. లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఆ పైన ఉంటే ఈ పద్ధతి మీకు కాదు. ఆర్వో నీళ్లో, వాన నీళ్లో చూసుకోవాలి. అలాగే కాలువ నీళ్లని ఆర్వో మిషనులో పోయడమూ దండగే. లేని ఉప్పు తీయడానికి డబ్బు పెట్టడం, మట్టితో మిషను పొర మూసుకుపోవడం, నీళ్లలో పెద్ద వాటా డ్రెయినులో కలిసిపోవడం, ఇంతే మిగిలేది.

ఇంకో సంగతి. రొయ్యల చెరువుల నీళ్లు, పురుగుమందు నీళ్లు కలిసే మురుగు కాలువ దగ్గర నీళ్లు పట్టకండి. మందుల్ని ఇసుకా తీయలేదు, బ్లీచింగూ తీయలేదు. మురుగు కలిసే చోటికి ఎగువన ఉన్న రేవులోనే పట్టాలి.

పని వరస మూడు అంచెలు: తేర్చడం, వడకట్టడం, ఆఖర్న క్లోరిన్. ఎక్కువమంది మొదటి రెండూ వదిలేసి బురద బిందెలో బ్లీచింగు వేస్తారు. ఆ క్లోరిన్ అంతా మట్టీ, కుళ్లిన ఆకూ తినేస్తాయి. వాసన వచ్చింది కదా అని తాగుతారు, మట్టి రేణువుల చాటున క్రిములు భద్రంగా ఉంటాయి.

తేర్చడం

సార్వా (వానాకాలం పంట) మొదలయ్యే రోజుల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీళ్లు ఊరికే నిలవబెడితే రాత్రంతా ఉంచినా తేరవు. అందులోని ఒండ్రు అంత సన్నం. పటిక కావాలి. చాలా ఇళ్లలో పటిక గడ్డ పట్టుకుని బిందెలో నాలుగు చుట్లు తిప్పుతారు. ఎంత కరిగిందో ఎవరికీ తెలియదు; ఒకరోజు చాలదు, మరోరోజు నోరు వగరెక్కిపోతుంది. దానికి బదులు 10 గ్రాముల పటిక పొడి ఒక లీటరు తేట నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోండి. ఈ ద్రావణం ఒక మి.లీ.లో 10 మి.గ్రా. పటిక ఉంటుంది.

ఇప్పుడు ఒక్కో లీటరు పట్టే నాలుగు సీసాల్లో ఆ రోజు కాలువ నీళ్లు పట్టండి. మందుల షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి, సూది తీసేసి, దాంతో ఒక సీసాలో 2 మి.లీ., తర్వాత వాటిలో 3, 4, 5 మి.లీ. వెయ్యండి. మూతలు పెట్టి నిమిషంపాటు గట్టిగా ఊపాలి, తర్వాత పది నిమిషాలు మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉండాలి. ముందు నీళ్లు మసకేస్తాయి, తర్వాత సన్నటి నూకలాంటి పలుకులు కనిపిస్తాయి, అవి ఒకదానికొకటి అంటుకుని దూదిపింజల్లా బరువెక్కి కిందికి జారతాయి. గంట తర్వాత అన్నిటికంటే తక్కువ పటికతో తేరిన సీసా ఏదో అదే మీ లెక్క. 3 మి.లీ. సీసా తేరిందనుకుందాం, 100 లీటర్ల తొట్టెకి 300 మి.లీ. ద్రావణం. నీళ్ల రంగు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి. మెల్లగా తిప్పడం మానేస్తే పింజలు కట్టవు. గట్టిగానే తిప్పుతూ ఉంటే కట్టినవి విడిపోతాయి. పటిక సరిపోలేదని అందరూ అనుకునేది ఇక్కడే.

చిల్లగింజ గంధంలా అరగదీసి కలిపే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది. కాకపోతే గింజ పదార్థం నీళ్లలో ఉండిపోతుంది కాబట్టి ఆ నీళ్లు నిలవ ఉంచకూడదు.

డ్రమ్ము కట్టడం

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి. సుమారు 88 సెం.మీ. ఎత్తు, 57 సెం.మీ. వెడల్పు ఉంటుంది. పాతది కొంటే ఇంతకుముందు అందులో ఏముండేదో అడగండి. మన వైపు రొయ్యల చెరువుల మందులు వచ్చిన డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. ఎంత కడిగినా అవి తాగే నీళ్లకి పనికిరావు. వంటనూనె, పళ్లరసం లాంటివి వచ్చినదైతే ఫరవాలేదు.

ముందు పీట కట్టండి. ఇసుకా నీళ్లూ నిండాక డ్రమ్ము మూడు వందల కిలోలు దాటుతుంది, మళ్లీ జరపలేరు. బంకమట్టి నేల మీద ఊరికే పెడితే వానకి ఒక పక్కకి ఒరుగుతుంది.

అడుగుకి మూడు నాలుగు సెం.మీ. పైన పక్కన కన్నం చేసి, లోపలా బయటా రబ్బరు వాషర్లతో అర అంగుళం ట్యాంకు నిప్పల్ (తొట్టె గోడకి పైపు తగిలించే ముక్క) బిగించండి. లోపల దానికి అర అంగుళం పైపు ముక్క తగిలించి, చివర మూత బిగించి, కింది వైపు హ్యాక్సా బ్లేడుతో సన్నటి గాట్లు కొయ్యాలి. బయట పైపు నిలువుగా పైకి తీసుకెళ్లి కిందికి వంచాలి. వంపు దగ్గర పైపు లోపలి అడుగు, డ్రమ్ము అడుగు నుంచి సరిగ్గా 65 సెం.మీ. ఎత్తులో ఉండాలి. వంపు తర్వాత రెండు మూడు సెం.మీ. ముక్క చాలు. ఈ ఒక్క కొలత తప్పితే మొత్తం తప్పినట్టే. ఎందుకో కిందున్న సంగతులు చదివితే తెలుస్తుంది.

డ్రమ్ము లోపల 5, 10, 60, 65 సెం.మీ. దగ్గర మార్కరుతో గీతలు గీయండి. అడుగు నుంచి 5 దాకా అర అంగుళం కంకర, 5 నుంచి 10 దాకా పావు అంగుళం లోపు సన్నరాయి, 10 నుంచి 60 దాకా ఇసుక. 15 లీటర్ల బకెట్టుతో లెక్క వేస్తే కంకర ఒకటి, సన్నరాయి ఒకటి, ఇసుక తొమ్మిది. కడగడంలో పోయేదీ అణిగేదీ కలుపుకుని ఇసుక పదకొండు బకెట్లు తెచ్చుకోండి.

ఇసుక ర్యాంపు నుంచి తెచ్చిన గోదావరి ఇసుకని దోమల మెష్‌తో జల్లించి, జారినదే వాడాలి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పూ గుల్లల సున్నమూ ఉంటాయి. కడగడం దగ్గర పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. చాలకపోతే ఒండ్రు ఉండిపోయి నెలకే మూసుకుపోతుంది. అతిగా కడిగితే సన్నటి ఇసుక కొట్టుకుపోయి నీళ్లు పరిగెడతాయి. సగం సీసా ఇసుక, సగం నీళ్లు పోసి ఊపి కింద పెట్టండి. నాలుగు సెకన్ల తర్వాత ఇసుక పైభాగం కొంచెం మసగ్గా కనిపిస్తే సరిపోయింది. అద్దంలా కనిపిస్తే అతి అయిందన్నమాట.

డ్రమ్ములో సగం నీళ్లు ముందే పోసి, ఆ నీళ్లలోకి ఇసుక వదలాలి. పొడి ఇసుక పోసి తర్వాత నీళ్లు పోస్తే లోపల గాలి బుడగలు చిక్కుకుని నీళ్లు కదలవు. పైన చదును చేసి, ఇసుకకి తగలకుండా పైన, డ్రమ్ము అంచుకి, 3 మి.మీ. కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ బేసిను ఆనించండి. బిందె నేరుగా ఇసుక మీద కుమ్మరిస్తే గుంట పడుతుంది.

నిండా పోసి, పైపు చుక్కలు ఆగేదాకా ఉండి, ఇసుక మీద ఎన్ని సెం.మీ. నీళ్లు నిలిచాయో కొలవండి. 5 ఉండాలి, 4 నుంచి 6 దాకా ఫరవాలేదు. ఇసుక పైన మొదటి సెంటీమీటరులో పెరిగే జీవపొరే క్రిముల్ని తినేది. నీళ్లు లోతైతే దానికి గాలి అందదు. పల్చనైతే పోసినప్పుడు చెదురుతుంది, వేసవిలో ఎండిపోతుంది. తర్వాత నిండుగా ఉన్నప్పుడు పైపు కింద లీటరు సీసా పెట్టి సెకన్లు లెక్కపెట్టండి. 36 సెకన్ల కంటే ముందే నిండితే ఇసుక ముతక అన్నట్టు, మార్చాలి. నిమిషం లోపు నిండితే బాగుంది.

వాడకం, చెడేవి

రోజుకి ఒక్కసారి, ఒకే రేవు నుంచి, తేరిన నీళ్లు 40 లీటర్లు పొయ్యండి. ఇసుక సందుల్లో పట్టే నీళ్లు సుమారు 50 లీటర్లు. అంతకు లోపు పోస్తే ఈరోజు వచ్చేది నిన్నటి నుంచి ఇసుకలో ఆగి ఉన్న నీరే అవుతుంది. ఐదుగురికి తాగడానికీ వంటకీ అది చాలు. జీవపొర కట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపు నీళ్లు తేటగా వచ్చినా నమ్మకండి.

పైపు చివర కుళాయి బిగించకండి. ట్యూబు అసలు తగిలించకండి. బిందె దూరంగా ఉందని అరగజం ట్యూబు పెడితే అది సైఫనులా లాగేసి ఇసుక మీది నీళ్లన్నీ దింపేస్తుంది, పొర చచ్చిపోతుంది. పైపు 65 దగ్గర ఉండాలన్నది ఇందుకే. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్తే పక్కింటివాళ్లని పొయ్యమని చెప్పి వెళ్లండి; 48 గంటలు దాటితే పొరకి తిండి ఉండదు. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు ఇందులో పోయకూడదు.

ధార సన్నబడితే ఇసుక తీసి పారెయ్యక్కర్లేదు. బేసిను తీసి, పైన బకెట్టు నీళ్లు పోసి, అరచేత్తో ఒక సెంటీమీటరు లోతు మాత్రమే కలిపి, ఆ బురద నీళ్లు మగ్గుతో తోడి బయట పారబొయ్యండి. రెండు మూడుసార్లు. చదును చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆ వారం క్లోరిన్ మాత్రం ఒక్కరోజు కూడా తప్పకూడదు.

క్లోరిన్ ద్రావణానికి 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగు పొడి 33 గ్రాములు ఒక లీటరు నీళ్లలో కలిపి, తేర్చి, పై తేటని రంగు సీసాలో పోసుకోండి. కిరాణా కొట్లో ఒక్కసారి కవరులో తూయించుకుని, అది ఏ మూతకి ఎంత వస్తుందో గీత పెట్టుకుంటే చాలు. వారం దాటితే పారబోసి కొత్తది కలపాలి. మూతి విప్పి ఉన్న బస్తాలో చెమ్మ తగిలి గడ్డకట్టిన పొడి ఏ లెక్కకీ రాదు. వడకట్టిన 20 లీటర్ల టిన్నుకి 2 మి.లీ.తో మొదలుపెట్టి, అరగంట ఆగి, ఆర్థోటాలిడిన్ కిట్టుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని రంగుతో చూపేది) చూడండి. లీటరుకి 0.2 నుంచి 0.5 మి.గ్రా. మధ్య చూపే లేత పసుపు రావాలి. రాకపోతే 4 మి.లీ. దాకా పెంచండి. కిట్టు కొనక్కర్లేదు: 2019 ఆగస్టు 15న మొదలైన జలజీవన్ మిషన్‌లో (ఇంటింటికీ కుళాయి నీళ్ల కేంద్ర పథకం) ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పాలని ఉంది, పంచాయతీలో అడగండి. హెచ్2ఎస్ సీసా దొరికితే వడకట్టిన నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి, నల్లబడితే ఇంకా మలం క్రిములున్నట్టు.

ఇంత చేసి ఆ నీళ్లు వెడల్పు మూతి బిందెలో పోసి, గ్లాసుతో వేళ్లు ముంచి తీస్తే పని మొదటికొస్తుంది. కుళాయి ఉన్న మూత టిన్నే వాడాలి.

కాలువ కట్టేసినప్పుడు, వరదొచ్చినప్పుడు

దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, చెరువే దిక్కు. చెరువులో బస్తాల కొద్దీ బ్లీచింగు జల్లడం వృథా, నాచూ బురదా తినేస్తాయి; తోడుకున్న నీళ్లకి వెయ్యండి. జూన్‌లో లాకులెత్తాక మొదట వచ్చేది నెలన్నర చెత్తా చచ్చినవీ కడుక్కొచ్చిన నీళ్లు. నాలుగైదు రోజులు వదిలేసి చెరువు నింపమని పంచాయతీకి గట్టిగా చెప్పండి.

ఒరల నుయ్యి ఉంటే వ్యాసం ఇంటూ వ్యాసం ఇంటూ నీళ్ల లోతు (మీటర్లలో) ఇంటూ 785, అన్ని లీటర్లు. 1.2 మీటర్ల నూతిలో 2 మీటర్ల నీళ్లుంటే 2260 లీటర్లు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగు లెక్కన సుమారు 6 గ్రాములు, రాత్రి వేస్తే పొద్దున్నకి సిద్ధం.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లు మొదటిది వినగానే టిన్నులన్నీ నింపి, బ్లీచింగూ పటికా అటక మీద పెట్టుకోవాలి. వరద తీశాక నుయ్యి తోడేటప్పుడు తొందరపడకండి, చుట్టూ నేలలో నీళ్లుండగా ఖాళీ చేస్తే ఒరలు లోపలికి కూలుతాయి. డ్రమ్ములోకి వరద నీళ్లు దిగితే పై పొర కలపడంతో సరిపోదు. ఇసుకంతా తీసి, కడిగి, ఎండబెట్టి, మొదటి నుంచి నింపాలి. మళ్లీ మూడు వారాలు క్లోరిన్ మీదే ఆధారపడాలి.